పిడికిలి పరీక్ష

మందుల ఫ్యాక్టరీకి కంప్యూటర్ మోడల్ రాసిన ఇంజనీర్‌ను నిన్న సాయంత్రం ఒక లారీ గుద్ది చంపేసింది. లారీకి నంబరు ప్లేటు లేదు.

"ప్రమాదం కాదు, హత్యే," అన్నాడు చీఫ్. "పోయే ముందు మనకో ముక్క పంపాడు. గ్రాన్యులేషన్ మోడల్‌ని ఎవరో మార్చారట. విదేశీ ముఠా పని. మందు పొడి మీద ఎంత ద్రవం చల్లాలో, ఎంతసేపు కలపాలో ఆ కంప్యూటర్ మోడలే చెబుతుంది. ద్రవం తగ్గితే పొడి గింజకట్టదు. మందు విడిపోయి అడుక్కి జారుతుంది. కొన్ని మాత్రల్లో మందే ఉండదు, కొన్నింట్లో మూడింతలు."

"ల్యాబ్ పట్టుకోదా?"

"శాంపిల్ ఎక్కడ తీయాలో చెప్పేదీ ఆ మోడలే."

"ఏ మందు?"

"పిల్లల మూర్ఛ మాత్రలు."

ఏజెంట్ జల్లెడ అప్పుడే లేచి కోటు అందుకున్నాడు. అతని ఏడేళ్ల కూతురు రోజూ పొద్దున్నే మింగేది ఆ మాత్రే.

పదింటికల్లా అతను ఇన్‌స్పెక్టర్ వేషంలో, పెట్టుడు మీసంతో ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. తెల్లకోటు కింద పచ్చ పట్టు గౌనుతో ఒకామె నవ్వింది. కోడ్ నేమ్ నెమలి. రెండేళ్లుగా ముఠాలో ఉన్న మన మనిషి.

"వాన పడేలా ఉందా?" అని సంకేతవాక్యం అన్నాడు.

"గొడుగుతో పనిలేదు. మోడల్ శుభ్రంగా ఉంది, నేనే చూశాను."

అతని గడియారంలోని స్కానర్ కూడా పచ్చగానే వెలిగింది. మనసు మాత్రం కుదుటపడలేదు. పక్కనే ఉన్న మిక్సర్ గదిలోకి నడిచాడు.

అక్కడ అందరూ పిన్ని అని పిలిచే ఆపరేటర్, గ్లౌజు చేత్తో యంత్రంలోంచి గుప్పెడు తడిపొడి తీసి గట్టిగా పిసుకుతోంది.

"ఏంటది పిన్నీ?"

"పిడికిలి పరీక్ష. ముద్ద నిలబడాలి, బొటనవేలితో నొక్కితే పుటుక్కున విరగాలి. ఇది చూడు, బూడిదలా రాలిపోతోంది. తడి చాల్లేదు బాబూ."

"తెరమీద బాగానే ఉందిగా?"

"పెళ్లి ఫొటోలో మా ఆయనా బాగానే ఉంటాడు."

"కదలొద్దు!"

వెనక నెమలి. చేతిలో పిస్టల్. "పది సెకన్లలో మిక్సర్ అడుగు వాల్వ్ తెరుచుకుంటుంది."

కింద నిన్నటి మంచి పొడి ఉన్న పెద్ద డ్రమ్ము. ఈ పొడి అందులో కలిస్తే వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

"ఇంజనీర్‌ని చంపించిందీ నువ్వేనా?"

"మంచివాడు. రోజూ నాకు టీ తెచ్చిచ్చేవాడు." ఆమె చూపు ఒక్క క్షణం పక్కకు మళ్లింది.

ఆ క్షణం చాలింది. పిన్ని గుప్పెట్లోని పొడి నెమలి కళ్లలో పడింది. గుండు పైకప్పుకి తగిలింది. జల్లెడ మిక్సర్‌ని ఆపే ఎర్ర బటన్ మీదికి దూకాడు. లెక్క ఒకటి దగ్గర ఆగింది.

అతను సంకెళ్లు వేస్తుంటే, పిన్ని గుడ్డ తడిపి తెచ్చి నెమలి కళ్లు తుడిచింది. "నలపకమ్మా, ఇంకా మండుతుంది." నెమలి తల వంచుకుని ఏడ్చింది. జల్లెడ కాసేపు అటు చూడలేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఏ పరికరం వాడావు? పని అయ్యాక స్టోర్స్‌కి అప్పగించాలి, తెలుసుగా."

"కుదరదు సార్," అన్నాడు జల్లెడ. "అది మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగిపోతుంది."