ముప్పై ఎనిమిదో బిళ్ళ

ముప్పై ఏడో జత బూట్ల అడుగున ఇరుక్కున్న గులకరాయిని పుల్లతో తీసి, మందునీళ్ళలో ముంచి, ఆరబెట్టాక నూకరత్నం తరువాతి జత కోసం చెయ్యి చాచింది. అక్కడ బూట్లు లేవు.

తలెత్తి ద్వారం పక్క గోడమీది పలక వైపు చూసింది. ముప్పై ఎనిమిది ఉనికిబిళ్ళలూ తెల్లవైపు తిరిగి ఉన్నాయి. అంటే మంచు మీదికి దిగిన ప్రయాణికులంతా ఎక్కేసినట్టే. ఓడని తనంతట తానే నడిపే యంత్రబుద్ధి 'చుక్కాని' అప్పటికే యంత్రాలు వేడి చేస్తోంది. మంచు పలకల మధ్య ఓడకి దారిచ్చే మంచుకిటికీ ఇంకో గంటలో మూసుకుంటుంది. ఎంత టైముందో పొద్దుటినుంచీ అది చెబుతూనే ఉంది.

విశాఖలో ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటాక, చలి అంటే ఏమిటో చూడాలనుకునేవాళ్ళకి 'శీతాంశు' లాంటి చిన్న ఓడలే దిక్కు. దక్షిణ ధ్రువ ఖండం అంచున దిగి, వణుకుతూ నవ్వుతారు. కొందరు ఏడుస్తారు. మౌన ఒప్పందం ప్రకారం ఆ మంచు మీదికి, ఎవరెక్కడున్నారో చెప్పే యంత్రంతో సహా, ఏ ప్రసార యంత్రమూ వెళ్ళకూడదు. అందుకే దిగేవాళ్ళు తమ బిళ్ళని ఎర్రవైపుకీ, తిరిగొచ్చాక తెల్లవైపుకీ తిప్పుకోవాలి. వేళ్ళు కొంకర్లు పోయిన ముసలివాళ్ళకి ఆ మాత్రం పని ఎంత కష్టమో నియమం రాసిన మహానుభావులకి తట్టలేదు.

వాళ్ళ బిళ్ళలు నూకరత్నమే తిప్పేది. మూడేళ్ళుగా తిప్పుతోంది. ఇవాళ రిటైరైన జాగ్రఫీ మాస్టారు త్రివిక్రమరావు భార్య కామేశ్వరి ఎక్కుతూ, "ఆయన నా వెనకే వస్తున్నారమ్మా, ఆయనదీ కాస్త తిప్పిపెట్టు" అంది. తిప్పిపెట్టింది. తరువాత బూట్ల పనిలో పడిపోయింది.

భోజనాల గదిలో కామేశ్వరి రెండు టీ కప్పులు ముందు పెట్టుకుని కూర్చుంది.

"మాస్టారేరమ్మా?"

"బూట్లు విప్పుకుంటున్నారు కదా?" అంది కామేశ్వరి. నూకరత్నం ముఖం చూసి కప్పు కింద పెట్టేసింది.

ఇద్దరూ యాత్రాధికారి శశిధర్ దగ్గరకి పరుగెత్తారు. ఆయన విన్నాడు, చుక్కానికి చెప్పాడు. పలక తెలుపు, బయట ఎవరూ లేరు, పది నిమిషాల్లో మెట్లు ఎత్తుతున్నాను అని అది జవాబిచ్చింది.

"మీరాపండి బాబూ," అంది నూకరత్నం.

"నా చేతుల్లో ఏముంది రత్నం? తొమ్మిదేళ్ళ కిందట ఒక కెప్టెన్ జాలిపడి ఓడ ఆపాడు. మంచు మూసుకుని అరవై మంది పోయారు. అప్పట్నుంచీ మనిషి చెప్తే ఓడ ఆగదు."

"మరి నానెవరికి సెప్పాల?"

 నూకరత్నం పలక దగ్గరకి తిరిగొచ్చింది. తన చేత్తోనే ఒక మనిషిని చంపేసింది. దయ అనుకుని చేసిన పని.

ఇక మిగిలింది ఒక్కటే దారి. బిళ్ళ తెల్లవైపుకి ఎవరు తిప్పినా తిరుగుతుంది. ఎర్రవైపు తిరగాలంటే మాత్రం ద్వారం బయటి మెట్టు మీద మనిషి బరువు పడాలి. సొంత బిళ్ళతో దిగితే లాభం లేదు. చుక్కాని ప్రయాణికుల కోసమే ఆగుతుంది, తలకి తొమ్మిది నిమిషాల చొప్పున. సిబ్బందికి ఆ భాగ్యం లేదు. ఆమె మాస్టారి బిళ్ళ మీద చెయ్యి వేసి, మెట్టు మీద కాలు పెట్టి తిప్పింది.

"బయట ఒకరు," అంది చుక్కాని. "ఎదురుచూపు తొమ్మిది నిమిషాలు."

ఆమె పరుగెత్తి, చుట్టుపక్కలంతా వెతికింది. ఓడ మీది బాకాలోంచి చుక్కాని గొంతు మంచు మీద చాలా దూరం వినిపిస్తోంది. ఏడో నిమిషంలో, ఓడకి ఎంతో దూరం లేని నల్లరాళ్ళ వెనక మాస్టారు కనిపించారు. మంచు పగుల్లో కాలు మడతపడి కూర్చుని ఉన్నారు. పెదాలు నీలం తిరిగాయి.

"కేకలేశానమ్మా. గాలికి వినపడలేదు కాబోలు."

"మీ బిళ్ళ తిప్పీసింది నానే మాస్టారూ. లెగండి."

ఆయన లేవబోయి కూలబడ్డారు. "నాకు డెబ్భై నాలుగేళ్ళు. నువ్వెళ్ళిపో తల్లీ, నా మాట విను."

"నానెల్లను."

ఆయన్ని మోయడం తన వల్ల కాదని ఆమెకి తెలుసు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పగుల్లోంచి ఆయన కాలు లాగుతోంది.

"బయట ఇద్దరు. ఎదురుచూపు పద్దెనిమిది నిమిషాలు."

నూకరత్నం రాళ్ళ మీదుగా వెనక్కి చూసింది. మెట్ల కింద, మంచు మీద, ఒట్టి మేజోళ్ళతో కామేశ్వరి నిలబడి ఉంది. శశిధర్ ఆమె భుజం మీద కోటు కప్పుతున్నాడు. అతను దిగినందుకు చుక్కాని ఏమీ అనలేదు.

"బయట ముగ్గురు," అంది కాసేపటికి. "ఎదురుచూపు ఇరవై ఏడు."

నలుగురు. ఐదుగురు. ప్రయాణికులు ఒక్కొక్కరే తమ బిళ్ళ ఎర్రవైపుకి తిప్పి దిగుతున్నారు. పదకొండు దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ద్వారంలో ఎవరో ఒకావిడ భర్త చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతోంది. దూరంగా సముద్రం వైపు మంచు పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ మూలుగుతున్నాయి. ఆ లాగుతున్నావిడే ముందు దిగింది. ఆ తరువాత ఇక ఆగలేదు.

మాస్టారి కాలు పగుల్లోంచి బయటికి వచ్చేసరికి లెక్క ముప్పై ఎనిమిదికి చేరింది. ఓడ యంత్రాల చప్పుడు తగ్గి, పూర్తిగా ఆగిపోయింది. వంటవాళ్ళూ, మెకానిక్కులూ, డాక్టరూ కలిసి పదిమంది సిబ్బంది ఇంకా లోపలే ఉన్నారు.

"ఓడలో ఎవరూ లేరు," అంది చుక్కాని. తరువాత అడిగింది, "ఎవరి కోసం బయలుదేరాలి?"

మూడేళ్ళలో అది ప్రశ్న అడగగా నూకరత్నం ఎప్పుడూ వినలేదు. మాస్టారి చంక కింద భుజం పెట్టి ఆయన్ని లేపింది. ఇద్దరు మగవాళ్ళు వాళ్ళ వైపు తడబడుతూ పరుగెత్తుకొస్తున్నారు. సముద్రం వైపు మంచు మూసుకుంటున్న చప్పుడు మాత్రం ఆగలేదు.