కిటికీలో ముఖాలు

జగ్గయ్యపేట నుంచి వేదాద్రి వెళ్ళే దారిలో, ఊరు దాటాక విసిరేసినట్టు ఒక డాబా ఇల్లు ఉంది. పొద్దుగూకితే అటు తలెత్తి చూసేవాళ్ళు లేరు. కిటికీలో ముఖాలు కనిపిస్తాయట... ఒకరి కళ్ళు, ఇంకొకరి ముక్కు, మరెవరిదో నోరు...

నిజానికి ఆ ముఖాలు చేసేది సౌభాగ్యమ్మ. రిటైరైన డ్రాయింగ్ టీచరు, నా అన్నవాళ్ళు లేరు. చిరిగిన ఫ్లెక్సీల్లోంచి, పాత ఫొటోల్లోంచి ముక్కలు కత్తిరించి కిటికీ అద్దాలకి అంటించేది. మాట్లాడే మనిషి దొరక్క మనుషుల్ని తయారు చేసుకుంది, అంతే! కానీ ఊరి నోరు మూయగలమా? టీచరమ్మ ఇంట్లో దెయ్యాలున్నాయన్నారు. వచ్చే ఆ నలుగురూ మానేశారు. వాళ్ళు మానేసినకొద్దీ కిటికీలో ముఖాలు పెరిగాయి.

బెన్ని ఆవిడ శిష్యుడే. చెయ్యి పట్టుకుని కత్తెర వాడటం నేర్పింది ఆవిడే. ఆ రాత్రి సెల్‌ఫోన్ల షాపు కట్టేసి, భయం పోవడానికి గట్టిగా పాట పాడుకుంటూ ఆ దారినే నడిచి వస్తున్నాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

లోపల లైటు. అద్దం మీద కొత్త ముఖం... దాని కళ్ళు తనవి! పోయినవారం పుట్టినరోజు ఫ్లెక్సీలోవి.

పాట ఆగిపోయింది.

"బెన్నీ..."

టీచరు గొంతే. సన్నగా... నేలలోంచి వస్తున్నట్టు.

పలకబోయి నోరు నొక్కుకున్నాడు. నాయనమ్మ పుల్లమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు! "దెయ్యం తెలిసినోళ్ళ గొంతుతోనే పిలుస్తదిరా. రెండుసార్లే పిలవగలదు. మూడోసారి కూడా పిలిస్తే మనిషి. అప్పుడే పలకాలి."

"బెన్నీ... నాన్నా..."

రెండు.

మూడోది వినిపిస్తే తలుపు తోసుకుని వెళ్దామనే అనుకున్నాడు, పాపం. ఆగాడు... ఇంకాసేపు ఆగాడు...

రాలేదు.

"యేసు రక్తమే జయం" అనుకుంటూ ఒకటే పరుగు. ఇంటికెళ్ళి చెబితే పుల్లమ్మ వాణ్ణి గుండెలకి హత్తుకుంది. "పలకలా? బతికిపోయావురా అయ్యా!"

మర్నాడు పక్క మిరపచేలో పనికొచ్చిన శాంతయ్య, పట్టపగలు లైటెందుకు వెలుగుతోందని తలుపు తోశాడు. గడియ కూడా లేదు. కిటికీ కింద సౌభాగ్యమ్మ శవం ఉంది. పడి తుంటి విరిగిందట. తెల్లవారుజాము దాకా ప్రాణం ఉందని డాక్టరు చెప్పాడు.

జనాన్ని తోసుకుని వచ్చాడు బెన్ని.

"మరి... మూడోసారి పిలవలేదేంటి?"

శాంతయ్యకి వాడి గోల అర్థం కాలేదు. శవం మీద దుప్పటి కప్పుతూ అన్నాడు:

"ఏం పిలుస్తదయ్యా... పడి మూడ్రోజులైందంట. గుక్కెడు నీళ్ళిచ్చినోడు లేడు."