తల్లి ఎలుగుకు చెప్పిన మాట

"లేవండమ్మా, పిల్లను తీసుకుని కాస్త వెనక్కి జరగండి. అక్కడ మంచు పల్చబడిందండి."

నానక్‌రామ్‌గూడలోని ఆరో అంతస్తు ఆఫీసులో మొదటిరోజు అడుగుపెట్టగానే ఆదర్శ్ చెవిన పడిన మాటలివి. మైకు ముందు కూర్చున్న అమ్మాయి మాట్లాడుతున్నది ఆర్కిటిక్‌లో మంచు పలక మీద పడుకున్న తెల్ల ఎలుగుబంటితో. ఆ పలక మీద పాతిన కెమెరానీ లౌడ్‌స్పీకర్‌నీ ఇక్కడి నుంచే నడపడం వాళ్ల ఉద్యోగం. మంచు చీలబోతుంటే జంతువులను ముందే గట్టి మంచు మీదికి పంపించాలి.

"ఎలుగుబంటికి 'అండి' ఏంది మేడమ్?" పక్కున నవ్వాడు ఆదర్శ్.

"పిల్లల తల్లి కదండీ. ఏమే, ఒసే అంటామా?" తల తిప్పకుండానే అంది రసజ్ఞ. ఆమెది కాకినాడ.

తెర మీద ఎలుగు నిజంగానే లేచింది. పిల్లను ముందు నడిపించుకుంటూ వెనక్కి వెళ్లింది. ఆదర్శ్ నవ్వు ఆగిపోయింది. ఆ మాటకొస్తే మనసు కూడా ఆరోజే చేజారింది. ఒప్పుకోవడానికి పొగరు అడ్డొచ్చింది, అంతే.

ఆ పొగరుతోనే తప్పు చేశాడు. ఆడిట్ వస్తోందని, రూల్స్‌లో ఉన్న సైరన్ ఒక్కటే ఉంచి, తను లేని వేళల కోసం రసజ్ఞ రికార్డు చేసి పెట్టిన పిలుపులన్నీ సిస్టమ్‌లోంచి తీసేశాడు. ఆమెను ఒక్క మాటైనా అడగలేదు.

"ఏడాదిగా ఆవిడకు నా గొంతు అలవాటు చేశానండి," అంది రసజ్ఞ. ఆ తర్వాత మూడు వారాలు పలకరింపే లేదు.

ఆ జూలైలో అక్కడ ఎండ ముదిరింది, ఇక్కడ వాన ముదిరింది. ఒక సాయంత్రం ఆకాశానికి చిల్లు పడినట్టు కురిసింది. షిఫ్టుకు వస్తున్న రసజ్ఞ కొత్తగూడ దగ్గర ఆటోలో చిక్కుకుపోయింది. ఆఫీసులో ఆదర్శ్ ఒక్కడే. తెర మీద ఎర్ర అలర్ట్ వచ్చింది. అరగంటలో పలక చీలుతుంది.

సైరన్ మోగించాడు. తల్లి ఎలుగు బెదిరి, పిల్లను పొట్ట కింద దాచుకుని ఇంకా ముడుచుకుపోయింది. పలక విరిగితే ఆ పిల్ల అంత దూరం ఈదలేదు. ఆదర్శ్ ఫోన్ తీశాడు.

"మేడమ్, సైరన్‌కు లేస్తలేదు. తప్పు నాదే. జర మీరు పిలువుండ్రి."

"ఫోన్ మైకు దగ్గర పెట్టండి." హారన్ల మధ్య ఆమె గొంతు పెంచింది. "లేవండమ్మా... పాపాయిని తీసుకుని..."

ఎలుగు తల ఎత్తింది. అంతలో లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఎలుగు మాత్రం ఇంకా చెవులు రిక్కించి చూస్తూనే ఉంది. ఆదర్శ్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"లే తల్లీ. ఆమె వానల ఇరుక్కున్నది. నీకేమన్న అయితే ఆమె మొహం నేనెట్ల చూడాలె? నాకు రసజ్ఞ అంటే పాణం. మూడు వారాల సంది మాటల్లేక సస్తున్న. నీ కాళ్లు మొక్కుత, పిల్లను తీస్కొని పో."

ఎలుగు లేచింది. నెమ్మదిగా, పిల్లను మూతితో తోస్తూ, అవతలి గట్టి మంచు మీదికి దాటింది. కాసేపటికి పలక నిలువునా చీలింది. కెమెరా ఒరిగింది, నీలం నీళ్లు కనిపించాయి, తెర నల్లబడింది. ఆదర్శ్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

రసజ్ఞ సగం దూరం నడిచి, నిలువునా తడిసి వచ్చింది.

"దాటారా?"

"దాటిన్రు. ఇద్దరు."

ఆమె నల్లటి తెర ముందు కూలబడింది. ఏడాదిగా రోజూ చూసిన మంచు ఇక లేదు. ఆ తల్లి నిలబడిన చోటు కూడా ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు.

లౌడ్‌స్పీకర్‌లో పలికిన ప్రతి మాటా రికార్డవుతుంది. షిఫ్టుకు వచ్చినవాళ్లు దాన్ని విని ఓకే చేయాలి. రసజ్ఞ హెడ్‌ఫోన్స్ అందుకోగానే ఆదర్శ్‌కు పైప్రాణాలు పైనే పోయాయి.

"మేడమ్, అది ఇనకుండ్రి..."

"రూల్ కదండీ."

ఒకసారి విన్నది. మళ్లీ మొదటి నుంచి విన్నది. నీళ్లు నిండిన కళ్లతోనే అతని వైపు తిరిగింది.

"ఎలుగుబంటికి చెప్పారు, సరే. నాకెప్పుడు చెబుతారు?"

"ఇప్పుడే చెప్తున్న. నువ్వంటే పాణం, రసజ్ఞా."

ఆమె తడి చెయ్యి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అయితే రేపు పక్క పలక మీది కెమెరాలో వెతుకుదాం. ఆవిడ ఎక్కడున్నా, ఇద్దరం కలిసే పిలుద్దామండి."