నలగని గుడ్డ

మరిది నాలుగు గుడ్డముక్కలు తెచ్చి వంటింటి గట్టు మీద వరసగా పరిచాడు. ఒకటి బూడిద రంగు, ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి ఇటుక రంగు, చివరిది నీలం.

"వదినా, సోమవారం నుంచి మళ్ళీ పని మొదలుపెడుతున్నాం. యూనిఫారాలు కుట్టించాలి. ఏది తీసుకోమంటావో నువ్వే చెప్పు" అన్నాడు.

కూరలు తరుగుతున్న ఆమె చేయి ఆగిపోయింది. ఆ చివరి ముక్క వంక చూసి చూపు తిప్పుకుంది.

"నన్నడక్కు నాయనా... నీ ఇష్టం వచ్చింది తీసుకో."

"అన్నీ నువ్వేగా చూసేదానివి వదినా. నాకేం తెలుసు గుడ్డల సంగతి?"

"చూశానుగా ఒకసారి. నేను ఏరికోరి తెచ్చిన గుడ్డే మీ అన్నని మింగేసింది. ఇంకా నా చేత్తో నీకూ ఏరి పెట్టమంటావా?"

గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తగారు ఒక్క మాటైనా అనకుండా వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ మౌనమే కోడలికి వెయ్యి తిట్ల పెట్టు.

అన్నదమ్ములిద్దరూ ఇళ్ళకు వెళ్ళి గ్యాస్ పొయ్యిలు, గీజర్లు బాగుచేసే పని మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. మొదట్లో ఇద్దరే, తర్వాత ఇంకో ఇద్దరు మెకానిక్కులు చేరారు. వచ్చిన చిక్కల్లా ఒకటే... ముక్కూ మొహం తెలియని మగవాడు సంచీ పట్టుకుని వస్తే ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు తలుపు తీసేవాళ్ళు కాదు. గొలుసు సందులోంచి చూసి "ఎవరు మీరు?" అని పది ప్రశ్నలు వేసేవాళ్ళు. అప్పుడు భర్త అన్నాడు, "అందరం ఒకే రంగు చొక్కాలు వేసుకుందాం. నీ కంటికి నచ్చిందే మా ఒంటికి" అని.

ఎంత సంబరంగా వెళ్ళిందో ఆ రోజు బట్టల కొట్టుకి! కొట్టాయన పెద్దవాడు. విషయం కనుక్కుని మందపాటి కాటన్ గుడ్డ తీసి ముందు పెట్టాడు. "మంట దగ్గర పనిచేసేవాళ్ళు కదమ్మా, ఇదైతే మేలు" అన్నాడు. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. గోనెపట్టాలా ఉంది. నలుగురు మనుషులవి, రెండేసి జతలు, చేత్తో ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది... పక్కనే నీలం పాలిస్టర్ గుడ్డ నిగనిగలాడుతోంది. గుప్పిట్లో నలిపి వదిలితే ఒక్క ముడత పడలేదు. "ఇదే ఇవ్వండి" అంది. కొట్టాయన గజం కర్ర అందుకున్నాడు.

కొత్త చొక్కా తొడుక్కుని భర్త అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. "పెళ్ళికొడుకులా ఉన్నానా?" అన్నాడు. "ఆఁ, పొయ్యిలు తుడిచే పెళ్ళికొడుకు" అందామె. అత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఏడాది తిరక్కుండానే ఆ కబురు వచ్చింది. ఎవరిదో ఇల్లు. గ్యాస్ గొట్టం కారుతోందని పిలిచారు. ఆయన వంగి చూస్తుండగా వెనకనుంచి ఎవరో లైటు స్విచ్ వేశారు. రెప్పపాటులో గదంతా భగ్గుమంది. మొహానికీ చేతులకీ పైపైనే కాలింది. కానీ చొక్కా ఉన్నచోట... గుడ్డ కరిగి మైనంలా ఒంటికి అతుక్కుపోయింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మూడో రోజున డాక్టర్ వరండాలో నిలబడి, "కాటన్ అయితే ఇంత లోతుగా కాలేది కాదు" అన్నాడు. ఆయనకేం తెలుసు, ఆ మాట ఎవరి గుండెలో దిగుతుందో! పక్కనే ఉన్న అత్తగారు ఒక్కసారి కోడలి వంక చూసి తల దించుకుంది. అంతే. ఆ దించిన తల పది నెలలుగా మళ్ళీ ఎత్తలేదు. "తలుపు వెయ్యి", "నీళ్ళు వస్తున్నాయి"... ఇంతకు మించి మాటల్లేవు. ఆ శిక్ష తనకు తగిందేనని కోడలు అనుకుంది. ఎదురు మాటాడలేదు, ఎవరికీ చెప్పుకోలేదు.

కానీ ఆ రోజు గట్టు మీద నీలం ముక్క చూశాక ఇక ఆ ఇంట్లో ఉండలేననిపించింది. మర్నాడు పొద్దున్నే, అక్క ఇంటికి వెళ్ళిపోదామని బట్టలు సర్దుకుంటోంది. అత్తగారు లోపలికి వచ్చింది. చేతిలో మడత పెట్టిన పాత కాటన్ చొక్కా. భర్తదే. అది కనిపించక అప్పట్లో ఇల్లంతా వెతికింది ఆమె.

"ఇది నా పెట్టెలో దాచాను" అంది అత్తగారు. "ఆ రోజు పొద్దున వాడు ఇదే వేసుకుని బయల్దేరాడు."

ఆమె చేతిలోంచి చీర జారిపోయింది.

"నీలం చొక్కా మెడ దగ్గర గీరుకుంటోందమ్మా, ఇవాళ్టికి ఇది వేసుకుంటానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. పనివాళ్ళకి చెప్పాల్సినవాడివి నువ్వే వేసుకోకపోతే ఎలారా, నీ పెళ్ళాం మనసుపడి కుట్టించింది, చూస్తే చిన్నబుచ్చుకుంటుంది అన్నాను. గడపలో నిలబెట్టి విప్పించాను. నీలం చొక్కాకి బొత్తాలు కూడా నేనే పెట్టాను... నువ్వు గుడ్డ తెచ్చావు తల్లీ. వాడి ఒంటికి తొడిగింది నేను."

చొక్కా మడత మీద చేయి రాస్తూ ముసలావిడే మళ్ళీ అంది, "నీ మీద కోపంతో మాట్లాడలేదనుకున్నావు. నువ్వలా అనుకుంటున్నావని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. నేరం నీ మీద ఉన్నంతసేపు నా మీద లేనట్టుండేది. నిన్న నువ్వు వాడితో అన్న మాట విన్నాక... రాత్రంతా ఊపిరాడలేదు."

ఆమెకు జాలి కలగలేదు. ముందు కోపమే వచ్చింది. "పది నెలలు అత్తయ్యా" అంది. "అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ, నేను చంపుకున్నవాడి ఇంట్లో తింటున్నానని అనుకున్నాను. పది నెలలు మీరు చూస్తూ కూర్చున్నారు."

అత్తగారు గోడ పట్టుకుని నేలమీద కూలబడింది. ఆవిడ ఎంత చిక్కిపోయిందో కోడలు అప్పుడే చూసింది. తానూ ఇన్నాళ్ళు ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు మరి. చాలాసేపటికి ఎదురుగా తానూ నేలమీద చతికిలబడింది.

"చొక్కా మార్చుకునేటప్పుడు ఏమన్నారు?" అని అడిగింది మెల్లగా.

"నవ్వాడు. అత్తాకోడళ్ళు ఒకటైతే నేనెక్కడ గెలుస్తాను అన్నాడు."

అంతవరకూ ఆపుకున్న దుఃఖం ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. ఆసుపత్రిలో ఏడవలేదు, శవం ఇంటికి వచ్చిననాడు కూడా ఏడవలేదు. ఇప్పుడు అత్తగారి ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. ముసలావిడ చేయి ఆమె తల మీద ఆగి ఆగి కదిలింది. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

మధ్యాహ్నం ఆమె లేచి మొహం కడుక్కుంది. సర్దిన బట్టలు సంచీలోనే ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి గట్టు మీది ముక్కలు ఒక్కొక్కటే తీసి దారప్పోగు లాగి, పొయ్యి వెలిగించి మంటలో పెట్టింది. నీలం పోగు ముడుచుకుని నల్లటి పూసలా గడ్డకట్టింది. ఇటుక రంగుదీ, ఆకుపచ్చదీ అంతే. బూడిద రంగు పోగు కాగితంలా కాలి, వేళ్ళ మధ్య పొడిగా రాలిపోయింది. అప్పుడే వచ్చి పక్కన నిలబడ్డ మరిది ఆ పొడి వంక చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదొక్కటే కాటన్. ఇదే తీసుకో" అందామె. "వదులుగా కుట్టించు. చేతులు మణికట్టు దాకా ఉండాలి. ఉతుకూ ఇస్త్రీ నేను చూసుకుంటాను."

"నేనూ ఉన్నాను" అంది వెనకనుంచి అత్తగారు.

సోమవారం పొద్దున మరిది బూడిద రంగు చొక్కా తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరికీ ముద్ద దిగలేదు. వీధిలో స్కూటర్ చప్పుడైనప్పుడల్లా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గుమ్మంలోకి వచ్చారు. ఫోన్ మోగితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఎవరో గీజర్ బాగుచెయ్యాలంటూ చేసిన ఫోనది. పొద్దు వాలేదాకా అలాగే గడిచింది.

అయిదున్నరకి మరిది వచ్చాడు. చెమటతో వీపంతా తడిసి ముద్దయిపోయాడు. చెప్పులు విడుస్తూనే విసుక్కున్నాడు.

"ఏం గుడ్డ వదినా ఇది, పొద్దుటినుంచీ ఉడికిపోతున్నాను."

"ఉడికితే ఉడుకు" అంది అత్తగారు. "ఇంటికొచ్చావుగా."

కోడలు ముందుకు వచ్చి మరిది విప్పిన చొక్కా అందుకుని, పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో తనివితీరా ఏడ్చింది.