కోరుట్ల బట్టీలో నవనీత బిళ్ళలు

"అన్నా, మీ బట్టీ నాకు రెండు దినాలు కావాలె."

తడిసిన గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, లోపలికి వస్తూనే అడిగేసింది నవనీత. కోరుట్లలో కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబ్ అది. బల్ల మీద ఎవరెవరివో పంటి అచ్చులు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి వెనక కూర్చున్న యువకుడు కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు.

"ముందుగాల అన్నా అనుడు బంద్ చెయ్యిండ్రి మేడం. నా పేరు జలపతి."

"పని నిప్పుతోని, పేరేమో నీళ్ళది!"

అనేశాక నాలుక కరుచుకుంది. అదృష్టం, అతను నవ్వాడు.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే రాజమల్లు కూతురు నవనీత. యూనివర్సిటీలో పీహెచ్‌డీ ఆఖరి ఏడాది. అక్కడి ఫర్నేస్ చెడిపోయింది. దాని విడిభాగం రావడానికి రెండు నెలలన్నారు. ఆమె ఫెలోషిప్ ఇంకో అయిదు వారాలే. ప్రయోగానికి చేసుకున్న బిళ్ళలు కాలి గట్టిపడకపోతే కొలతలు లేవు, కొలతలు లేకపోతే థీసిస్ లేదు. చివరికి జగిత్యాలలో ఒక పళ్ళ డాక్టరమ్మ జలపతి పేరు చెప్పింది.

నవనీత డబ్బా మూత తీసి జలపతికి చూపించింది. రూపాయి బిళ్ళంతేసి తెల్లని బిళ్ళలు పది.

"జిర్కోనియా, ఒక తీరు పింగాణీ. నీళ్ళ ఆవిరిని విడగొట్టి హైడ్రోజన్ తీసే సెల్‌ల గిది నడిమి గోడ. గ్యాస్‌ను ఆపుతది, ఆక్సిజన్ అయాన్లను మాత్రం దాటిస్తది."

జలపతి బల్ల మీంచి ఒక కట్టుడు పన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "గిది గూడ జిర్కోనియానే. షార్జాల ఆరేండ్లు గిదే కాల్చిన. అంటే మనం ఇద్దరం ఒక్క మట్టి మీదనే బతుకుతున్నం."

ఆ 'మనం' నవనీత చెవికి కాస్త వెచ్చగా తగిలింది.

ఆరు బిళ్ళలు లోపల పెట్టి, ఫర్నేస్ మీటలు తానే నొక్కింది. జలపతి తొంగిచూశాడు. "గింత జల్దీ వేడి ఎక్కిస్తరా మేడం?"

"నాలుగేండ్ల సంది నా పని గిదే."

అతను చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు.

మర్నాడు పొద్దున ఫర్నేస్ తలుపు తీస్తే ఆరూ ముక్కలై ఉన్నాయి. నవనీత కళ్ళు నిండిపోయాయి.

"చల్లారకముందే తెరిచినవ్ గదా? నీ పండ్లు అర్జెంటున్నయని!"

"తెర్వలే."

"అబద్ధం!"

ఆమె విసురుగా వెళ్ళి సిరిసిల్ల బస్సెక్కింది.

బస్సు రుద్రంగి చేరేసరికి ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. ఫర్నేస్ రాత్రంతా దానంతటదే రాసుకున్న ఉష్ణోగ్రతల పట్టీ. పక్కన ఒక్క మాట కూడా లేదు. నవనీత చూసింది, మళ్ళీ చూసింది. నిమిషానికి ఒక డిగ్రీ పెట్టాల్సింది పది పెట్టింది. బిళ్ళల్లో పొడిని పట్టి ఉంచే జిగురు మెల్లగా కాలి బయటికి పోవాలి. ఆ వేగానికి అది ఒక్కసారిగా పొంగి బిళ్ళలను చీల్చేసింది. తలుపు మాత్రం బట్టీ చల్లారాక, పొద్దున ఆమె కళ్ళెదుటే తెరుచుకుంది.

అక్కడే దిగి, వానలో నిలబడి, ఎదురొచ్చిన కోరుట్ల బస్సెక్కింది.

జలపతి ఫర్నేస్ లోపల శుభ్రం చేస్తున్నాడు.

"సారీ. అంకె తప్పు నొక్కింది నేనే."

"తెలుసు."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"గప్పుడు నువ్వు ఏడుస్తున్నవ్. ఏడ్చేటోళ్ళకు ఎవలన్న లెక్కలు చెప్తరా?"

మేడం ఎప్పుడు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

మిగిలింది నాలుగే బిళ్ళలు. జలపతి డాక్టర్లకు ఫోన్లు చేసి, పళ్ళు శనివారం ఇస్తానని ఒప్పించాడు. ఈసారి అంకెలు ఆమె చదివితే అతను నొక్కాడు. అతని తల్లి కిష్టవ్వ సర్వపిండి తెచ్చిపెట్టి, సెల్ అంటే బ్యాటరీయే అనుకుని, "బ్యాటరీలు చేసే పిల్ల గింత బక్కగున్నదేందిరా?" అంది. బయట వాన, లోపల మెల్లగా ఎక్కే వేడి, తెగని కబుర్లు.

రెండో రోజు నాలుగూ చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. ఒకదాన్ని అద్దం మీద తట్టింది. ఖంగుమంది. నవనీత అతని చెయ్యి పట్టుకుని ఎగిరింది. వదలడం చాలాసేపు గుర్తురాలేదు.

కొలతలు బాగా వచ్చాయి. గడువుకు రెండు రోజుల ముందే థీసిస్ ఇచ్చి ఇంటికి వచ్చిందామె. ఆ వారమే జలపతి సిరిసిల్ల వచ్చి, మరమగ్గాల షెడ్డులో ప్రత్యక్షమయ్యాడు. మగ్గాల హోరుకు పక్కనున్న మాట కూడా వినపడదు.

"ఏంది?" అరిచింది నవనీత.

అతను ఏదో అన్నాడు.

"ఇనవడ్తలే! గట్టిగ!"

జలపతి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని గొంతెత్తి అరిచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"...నిన్ను పెండ్లి చేసుకుంట!"

షెడ్డంతా మారుమోగింది. పోగు ముడేస్తున్న రాజమల్లు తలెత్తాడు.

"ఎవలు బిడ్డా?"

"కోరుట్ల జలపతి నాయినా. నా బిళ్ళలు కాల్చిచ్చింది గీయననే."

"మీ ఇంట్ల తెలుసా పిలగా?"

"మా అవ్వనే పంపింది మామా."

పక్క మగ్గాల వాళ్ళు గొల్లున నవ్వారు. "అప్పుడే మామనా!" అని రాజమల్లు కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్? నీ మాటనే నా మాట."

"నాకిష్టమే నాయినా. గాని ముందుగాల థీసిస్ వైవా ఒడవాలె, గది అయినంకనే పెండ్లి."

రాజమల్లు ఒక స్టూలు లాగి జలపతి ముందు వేశాడు. "కూసో. చాయ్ తాగుదువు."

అంతలో కరెంటు వచ్చి మగ్గాలు మళ్ళీ హోరెత్తాయి. జలపతి వంగి ఇంకేదో అడిగాడు. ఈసారి ఒక్క ముక్క కూడా వినపడలేదు.

అయినా నవనీత తలూపింది.