పరీక్షకి పంపిన ఫోటో

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో నేనొక్కణ్ణే. మాది ఉద్యోగాలు ఇప్పించే కంపెనీ. అభ్యర్థులు పంపే దరఖాస్తులు మా మెయిల్ సర్వర్‌కి చేరి మాయమవుతున్నాయని మేనేజర్ కొన్నాళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నాడు. సర్వర్ మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకుని, రేపటికల్లా సంగతి తేల్చాలి. లేకపోతే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే.

సర్వర్ గదికి కిటికీ లేదు. తలుపు తీయగానే కంపు కొట్టింది. పాచినోటితో ఎవరో మొహంలో మొహం పెట్టి మాట్లాడుతున్నట్టుంది. ఎలుక చచ్చిందేమోనని మూలమూలలా వెతికాను. ఏమీ లేదు. మెషిన్ మీద చెయ్యేస్తే వేళ్ళకి జిగురు అంటుకుంది. చొక్కాకి తుడుచుకున్నాను. ఆ తర్వాత చొక్కా అంటేనే అసహ్యం వేసింది.

లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. మొదటి సాఫ్ట్‌వేర్ రంగురంగుల గ్రాఫులు చూపించి అంతా భేషుగ్గా ఉందంది. ఇలాంటి సోకులంటే నాకు ఒళ్ళుమంట. రెండోది మాత్రం ఏ మెయిల్ ఎక్కడ ఆగిందో చెప్పింది. పోయినవన్నీ ఫోటో జతచేసినవే.

మేనేజర్‌కి ఫోన్ చేశాను.

"ఫోటోలున్నవే పోతున్నాయండీ."

"ఆ ఫోటోలు పంపినవాళ్ళు ఫోన్ కూడా ఎత్తట్లేదయ్యా. ఒక్కడూ ఇంటర్వ్యూకి రాలేదు. త్వరగా తేల్చు."

అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. ఏ సాఫ్ట్‌వేర్‌నైనా పరీక్షించాలంటే మాకు మేమే ఓ మెయిల్ పంపుకుంటాం. ఈసారి దానికి ఫోటో కావాలి. ఫోన్‌లో ముందుగా కనిపించింది మా పాప ఫోటో. జతచేసి పంపేశాను.

స్క్రీన్ మీద 'వచ్చింది' అని పడింది. తర్వాత 'ఆగింది' అని పడింది.

వెనక మెషిన్‌లోంచి చప్పుడు.

చప్... చప్...

నోరు మూయకుండా నమిలే చప్పుడు. ఫ్యాను సందుల్లోంచి చొంగ కారుతోంది. తీగలు తీగలుగా... వెచ్చగా... నా చెప్పుల మీదకి.

ప్లగ్గు పీకేశాను. సర్వర్ లైట్లన్నీ ఆరిపోయాయి.

నమలడం ఆగలేదు.

ఇంటికి ఫోన్ చేశాను.

"పాపేది?"

"ఇప్పుడే పడుకుంది." మా ఆవిడ గొంతు తగ్గించింది. "ఏమండీ... దీని చెవి దగ్గర ఏదో తడి. ఎంత తుడిచినా మళ్ళీ వస్తోంది. ఒకటే పాచి కంపు..."

"దాన్ని ఎత్తుకో. కిందికి దించకు."

"ఎత్తుకునే ఉన్నానండీ. నా భుజం కూడా తడుస్తోంది."

గదిలో నమిలే చప్పుడు టక్కున ఆగిపోయింది.

లాప్‌టాప్ వైపు చూశాను. ప్లగ్గు పీకిన సర్వర్‌కి ప్రాణమే లేదు. అయినా స్క్రీన్ మీద కొత్తగా 'చేరింది' అని పడింది. ఎక్కడికి అన్నచోట ఖాళీగా ఉంది.

ఫోన్‌లో మా ఆవిడ ఏదో అడుగుతోంది. ఆ మాటల సందుల్లో...

చప్... చప్...