టప్‌మనని సీసాలు

జ్యూస్ ఫ్యాక్టరీ కెమిస్ట్ ప్రవీణ్‌కుమార్ పైనాపిల్ గుజ్జు ట్యాంకులో బోర్లా తేలాడు. కాలు జారి పడ్డాడన్నారు పోలీసులు. కాలు జారినవాడి మెడ మీద సూది గుర్తెందుకు ఉంటుందో ఎవరూ అడగలేదు.

ఢిల్లీలో గూఢచారి సంస్థ చీఫ్ భూషణం అడిగాడు. సునామీ వచ్చి వెళ్లాక అండమాన్‌లో అది మొదటి వేసవి.

"ఏజెంట్ భానుప్రకాష్! పోర్ట్‌బ్లెయిర్ దగ్గర బ్రూక్షాబాద్ వెళ్లు. సునామీ క్యాంపులకు జ్యూస్ పంపే ఫ్యాక్టరీ అది. ఆ సీసాల్లో ఒక విదేశీ ముఠా విషం కలపబోతోందని చచ్చేముందు ప్రవీణ్ మెసేజ్ పంపాడు."

"వాళ్లకేం లాభం సార్?"

"పిల్లలు పోతే జనం బెదిరి దీవులు వదిలేస్తారు. ఖాళీ తీరంలో ఆయుధాల బోట్లు దిగుతాయి. విషం పిల్లల నోట్లో పడకూడదు. విషమన్న మాట జనం చెవిన పడకూడదు. పానిక్ పుట్టిందా, ముఠా పని మనమే చేసిపెట్టినట్టు!"

భానుప్రకాష్ బాట్లింగ్ ఆపరేటర్ వేషంలో చేరాడు. జేబులో థర్మామీటర్, అందులో ట్రాన్స్‌మిటర్. కుదురుగా ఒకచోట నిలబడలేకపోయాడు. సముద్రం కాస్త గట్టిగా హోరెత్తితే చాలు, పనివాళ్లంతా గేటు వైపు చూసే ఫ్యాక్టరీ అది.

"కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేటి భయ్యా?" అంది పళ్లు కడిగే కాశమ్మ. కొడుకునీ కోడలినీ అల పట్టుకుపోయాక, మనవరాలు ధరణితో హోప్ టౌన్ క్యాంపులో ఉంటోంది. "రేపు మా గుంటకి మన జూసే ఇస్తారట. అది నవ్వి ఎన్నాళ్లయిందో!"



మర్నాడు లోడింగ్ షెడ్డులో మార్కెటింగ్ మేనేజర్ హిమబిందు ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర. ఇటు మనకీ అటు ముఠాకీ సమాచారం అమ్మే డబుల్ ఏజెంట్.

"అనాసకి కళ్లెన్ని?"

"చూసేవాడికి ఒకటి చాలు."

కోడ్ కలిసింది. "విషం సరుకు మాయాబందర్ వెళ్లే షిప్ ఎక్కుతోంది," అని చెప్పి వెళ్లిపోయింది.

జెట్టీలో ఆ పెట్టెలన్నీ తెరిపించాడు. అన్నీ మంచివే. మోసం! ఇవాళ జ్యూస్ పంచేది కాశమ్మ వాళ్ల క్యాంపులో. ఫెర్రీ పట్టుకుని హోప్ టౌన్ వెళ్తూ థర్మామీటర్‌లో కోస్ట్‌గార్డ్‌ని పిలిచాడు.

క్యాంపు పందిట్లో పిల్లలు వరసల్లో కూర్చున్నారు. సీసాలు పంచేశారు. స్టేజీ మీద హిమబిందు. పక్కన రిలీఫ్ వాలంటీర్ వేషంలో ముఠా నాయకుడు విక్టర్. ఫైల్లో చూసిన ముఖమే. గన్ తీస్తే తొక్కిసలాట.

"ఖోలో బచ్చో!" అన్నాడు విక్టర్, మూత తిప్పమని చేత్తో చూపిస్తూ.

టప్. టప్. టప్. ముందు వరస. రెండో వరస. మూడో వరసలో చప్పుడే లేదు.

వేడి రసం పోసి బిగించిన సీసా చల్లారితే, మూత లోపలికి పీల్చుకుంటుంది. తీసినప్పుడు టప్‌మనాలి. శాంపిల్ సీసాలు తీసీ తీసీ ఆ చప్పుడు భానుప్రకాష్‌కి కలలోకి కూడా వస్తోంది. ఈ మూతలు ఎవరో ముందే విప్పి మళ్లీ బిగించారు!

మూడో వరసలోంచి ధరణి లేచింది. ముందు మీరు తాగండన్నట్టు సీసా స్టేజీ మీది హిమబిందు వైపు చాపింది.

"దీదీ, పహలే ఆప్."

హిమబిందు ముఖం పాలిపోయింది. వెనక మిగతా సీసాలు పెదాల దాకా వచ్చేశాయి.

భానుప్రకాష్ గొంతు చించుకున్నాడు. "ఛిప్‌కలీ! జ్యూస్‌లో బల్లి! బల్లి పడింది!"

హిమబిందు విక్టర్‌ని చూసింది. ధరణిని చూసింది. సీసా లాక్కుని నేలకేసి కొట్టింది. "ఔను, బల్లే! తోక కూడా చూశాను!" అని అతనికంటే గట్టిగా కెవ్వుమంది.

"ఛీ! ఛీ!" అంటూ పిల్లలంతా సీసాలు ఒంపేశారు. జెట్టీకి పరిగెత్తిన విక్టర్ తిన్నగా కోస్ట్‌గార్డ్ చేతుల్లో పడ్డాడు.

పిల్లల వెనక నిలబడ్డ కాశమ్మ మాత్రం భానుప్రకాష్ మీద విరుచుకుపడింది. "ఒక్కో పండూ అద్దంలా కడిగానే! బల్లేటి? నీ కళ్లు కాకులు పొడవ!"

ఆ తిట్లకి ధరణి పకపకా నవ్వింది. ఏ పతకమూ ఇవ్వని సంతోషం భానుప్రకాష్‌కి ఆ నవ్వు ఇచ్చింది.

చీఫ్ అభినందన రహస్యంగా వచ్చింది. ఫ్యాక్టరీ అతన్ని బహిరంగంగా ఉద్యోగంలోంచి పీకేసింది. నేరస్థురాలైన బల్లి కోసం గాలింపు కొనసాగుతోందని మర్నాడు పేపర్లో రాశారు.